విడిచిన గాలి

ఆ గాజింట్లోంచి నలుగురూ ప్రాణాలతో ఎలా బయటపడ్డారని ఎవరైనా అడిగితే, పచ్చిపులుసు వల్ల అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. శాస్త్రవేత్త కదా, ఏదో పెద్ద సంగతి చెబుతుందని ఆశపడి వచ్చిన విలేకరులైతే మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ, నాకేం. ఉన్నమాటే చెబుతున్నాను. కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరికొట్టే గుణం నాకు మా నాయిన నుంచి వచ్చింది. దాని పుణ్యమా అని మా ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు. ఆ పాడుగుణం వల్ల జన్మకొక్కసారి మేలు కూడా జరిగింది.

నా పేరు విజయేందిర. వరి నా చదువు, వరి నా ఉద్యోగం. నాతోపాటు ఆ ఇంట్లో ఉన్నది మా తమ్ముడు సదానందం, వాడి భార్య అనసూయ, మా అవ్వ మదునవ్వ. కరీంనగరు వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. సదానందం గాలిని శుద్ధిచేసే విద్య చదివాడు. అనసూయ డాక్టరు. అవ్వ బడి మొహం చూడలేదు గానీ మా ముగ్గురికీ కలిపి సరిపడా మాట్లాడుతుంది.

చంద్రుడి మీద ఊరు కట్టాలని పెద్దలు తలపెట్టిన రోజులవి. అక్కడ గాలి ఉండదు. గాలి చొరని ఇల్లు కట్టుకుని, లోపలే పండించుకుని, లోపలే బతకాలి. అది మనుషుల వల్ల అవుతుందో లేదో ముందు భూమి మీదే తేల్చుకుందామని మానేరు ఒడ్డున కొంత పొలాన్ని గాజుతో కప్పేశారు. నారు పోసిన రోజు తలుపు మూస్తే నూర్పిళ్లయ్యాకే తెరవాలి. లోపలికి ఏదీ రాకూడదు, బయటికి ఏదీ పోకూడదు. పంట చేతికొచ్చేదాకా సరిపోయే బియ్యం, పప్పు లోపల పెట్టారు. ఆ తర్వాత తినాల్సింది మేం పండించిందే.

అన్ని వయసులవాళ్లూ ఉన్న కుటుంబం కావాలని వెతికి మమ్మల్ని ఎంచుకున్నారు. ఇంత వయసులో మీరు కూడా ఎందుకమ్మా అని ఎవరో అంటే అవ్వ ఊరుకోలేదు. "సందమామ మీద ఊరు గడితే ముసలోళ్లు అద్దా? మరి పొద్దంత పిల్లలను ఎవలు పట్టుకుంటరు?" అంది. తను మాత్రం ఒక షరతు పెట్టింది. ఏడాది చింతపండు జాడీ వెంట లేకపోతే రానంది. ఆ జాడీని పరీక్షచేసి, పురుగూ పుట్రా లేదని తేల్చుకుని, మాతోపాటు లోపలికి పంపారు.

మొదట్లో మాకు తలనొప్పులు పట్టుకున్నాయి. అది ముందే అనుకున్నదే. మనం విడిచే గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ పోయే దారి లేక ఇంట్లోనే పేరుకుంటుంది. ఎదిగిన పైరైతే దాన్ని పీల్చుకునేది. మా వరి అప్పటికి ఇంకా జానెడు కూడా లేదు. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. అవ్వ నుదుటికి శొంఠి గంధం పట్టించుకుని కూర్చునేది.

"నా దగ్గర మందున్నది అవ్వా, జెర ఓపికవట్టు," అన్నాడు సదానందం.

వాడి మందు ఒక సీసాలో ఉండేది. చూడటానికి పలచటి మజ్జిగ. అవి వాడు ఏళ్ల తరబడి కష్టపడి పెంచిన సూక్ష్మజీవులు. సున్నం కుంచె ముంచి గాజు గోడ మీద ఒక పట్టీ వేశాడు. మర్నాటికి ఆ పట్టీ తెల్లగా గట్టిపడింది. ఆ జీవులు మేం విడిచిన గాలిని తాగి, సున్నంగా మార్చి, అద్దానికి అంటిస్తున్నాయి. వంటగది గోడకు ఆ గాలి ఎంతుందో చూపే మీటరు ఉండేది. అందులో అంకె రోజురోజుకూ దిగింది. తలనొప్పులు పోయాయి.

"ఇది ఎప్పుడు ఆగుతదిరా?" అని అడిగాను.

"బయట ఎంతున్నదో అంతకు దిగంగనే ఆగుతది అక్కా. అట్ల ఆగేటట్టే చేసిన."

అవ్వ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పింది. "తోడేసినంక పాలను ఆగుమంటే ఆగుతయా కొడకా?" అంది. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఆ వాసనకు ఆకలేసి అందరం భోజనానికి కూర్చున్నాం.

మీటరు బయటి గాలి అంకె దగ్గర ఆగలేదు. దానికంటే కిందికి దిగింది, ఇంకా దిగుతూనే ఉంది. వాడు కుంచె తగిలించని అద్దాల మీద కూడా తెల్ల మచ్చలు లేచాయి. అయినా ఎవరికీ భయం వేయలేదు. బయటినుంచి ఈ పని అంతా చూసుకునే నరహరి గారు రోజూ తెర మీద కనిపించి, ఇంత శుభ్రమైన గాలి లోకంలో ఇంకెక్కడా లేదండీ అని మురిసిపోయేవారు. లోకమంతా ఆ గాలి ఎక్కువై ఉడికిపోతున్న కాలం మరి. దాన్ని ఇలా తాగేసే పొర దొరికిందంటే మా తమ్ముడికి సన్మానాలు ఖాయమనుకున్నాం. మాకూ హాయిగానే ఉంది. నిద్ర బాగా పట్టేది.

పైరు మాత్రం నాకు నచ్చలేదు.

పిలకలు వేయాల్సిన వేళకు వేయలేదు. ఆకు పాలిపోయింది. విచిత్రమేమిటంటే నీళ్లు మాత్రం రెట్టింపు తాగుతోంది. పొద్దున పెట్టిన నీరు సాయంత్రానికి ఇంకిపోయేది. జింకు లోపమేమో అనుకున్నాను, వేశాను. నత్రజని చాలలేదేమో అనుకున్నాను, అదీ వేశాను. వేళ్లు పీకి చూస్తే తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఎండ ఉంది, నీరుంది, ఎరువుంది. అన్నీ ఉండి కూడా పైరు ఆకలిగొన్న బిడ్డలా నీరసించింది.

అప్పుడు ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ఆకు మీద గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలుంటాయి. అవన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయి. నోరు అంతలా తెరుచుకుంటే ఒంట్లో నీరు ఆవిరైపోక ఏమవుతుంది? దేనికోసం తెరుచుకున్నాయో అప్పుడు అర్థమైంది. లేచి వెళ్లి మీటరు చూశాను. సున్నకు దగ్గరగా ఉంది.

అయినా మాట జారేముందు రుజువు కావాలి కదా. ఒక దుబ్బు మీద పలచటి సంచి కప్పి, ఒక గొట్టం పెట్టి, పొద్దుటా మాపూ నా ఊపిరి అందులోకి ఊదడం మొదలుపెట్టాను. అనసూయ అటుగా వస్తూ చూసి, "ఏంది వదినా, వరికి ముద్దులు పెడుతున్నరా?" అంది. పెట్టాననే చెప్పాను. వారం తిరక్కుండా పొలం మొత్తంలో ఆ ఒక్క దుబ్బు నల్లగా నిగనిగలాడింది. మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి.

సదానందాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. వాడు గట్టు మీద కూలబడ్డాడు.

వరి కర్రకూ, ఆకుకూ, గింజకూ కావాల్సిన సరుకులో ఎక్కువ భాగం మట్టిలోంచి రాదు, గాలిలోంచి వస్తుంది. మేం విడిచే గాలిలోంచే వస్తుంది. ఆ కాస్తనూ గోడకున్న పొర ముందే తాగేస్తోంది. అది ఎక్కువైతే లోకం ఉడుకుతుంది, నిజమే. అసలు లేకపోతే గడ్డిపోచ కూడా మొలవదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది మా పని.

ఆ రోజు నుంచి గోడలతో మా యుద్ధం మొదలైంది. కత్తులతో గీకాం, పీచుతో తోమాం, వేణ్నీళ్లు పోశాం. గీకిన చోట అద్దం తళతళలాడేది. తెల్లారి చూస్తే మళ్లీ తెల్లగా పొర కట్టేది. గీకిన పొడి ఎక్కడ రాలితే అక్కడ కొత్త మచ్చ లేచేది. వరి పొట్టకొచ్చే వేళ దగ్గరపడింది. ఈనిన తర్వాత గింజలోకి పాలు రావాలంటే ఆ గాలి కావాలి. లేకపోతే కంకులన్నీ తాలే. బియ్యం బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి.

నరహరి గారు తెర మీదకొచ్చినప్పుడు ఆయన మొహంలో నెత్తురు లేదు. "మీరు ఊఁ అనండి సదానందం గారూ, ఈ పూటే తలుపు తీయిస్తాను. పెద్దావిడ ఉన్నారు లోపల," అన్నారు.

"అద్దు సార్," అన్నాడు వాడు. "తలుపు సందు తెరిస్తే చాలు, ఈ పొడి గాలిల కలుస్తది. గింజంత బయటవడితే మానేరు దాటుతది, సముద్రం దాటుతది. ఇక్కడ మా వరికి అయిన గతే అంతటా అయితది. నేను చేసింది నాతోనే ఆగాలె."

"పోనీ ఆహారమైనా..."

"దానికీ అదే తలుపు కదా సార్."

తెర ఆరిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వరి గింజకట్టాలి, లేదా మేం ఆకలితో చావాలి. మూడో దారి తెరిస్తే లోకానికే ఆకలి.

ఆ మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. తలా రెండు ముద్దల అన్నం, పచ్చిపులుసు. చింతపండు పిసికిన నీళ్లలో కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ నలిపి వేసిన ఆ పులుసు తప్ప కూర అంటూ ఏమీ లేదు. అవ్వ తన పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి సదానందం పళ్లెంలో పెట్టింది. వాడు వద్దనలేదు, తల వంచుకుని తిన్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"లోకాన్ని బతికిస్తున్నవు, మంచిదేరా. మరి అవ్వనేం జేస్తవు? ఇక్కడ మాడ్చి చంపుతవా?"

"నేనేం జేయాలె అక్కా? తలుపు తియ్యాల్నా?"

"తియ్యకు. తియ్యమన్ననా? అట్ల తలకాయ వంచుకుని కూసుంటే ఎట్ల? నువ్వు పుట్టించినవు, నువ్వే చంపు దాన్ని."

"చంపరాదు అక్కా. అది నా మాట ఇంటలేదు."

ఇంక నాకు ఆగలేదు. నా ముందున్న గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాను. పులుసంతా తెల్ల పొర మీద చిట్లి కిందికి కారింది.

"అన్నం మీద అలుగుతరానే ఎవలన్న?" అని అవ్వ కేకేసింది. "గింజ గింజ లెక్కవెట్టుకుని తింటుంటే గిన్నె ఇసిరేస్తవా? నీ అయ్య బుద్ధులు యాడికి పోతయి."

నేను గోడ వైపు చూస్తున్నాను. పులుసు పడిన చోట చుర్రుమని చిన్న చప్పుడు, సన్నటి నురుగు. సున్నం మీద పులుపు పడితే పొంగుతుందని బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ పొంగేది కార్బన్ డయాక్సైడే. సదానందానికి తెలియక కాదు. సున్నం కరిగి బయటికొచ్చే గాలిని ఆ పొరే మళ్లీ తాగి రెట్టింపు బలుస్తుందని భయపడి, వాడు ఆ జోలికి పోలేదు. ఇప్పుడు మాత్రం ఏం జరుగుతుందని, కాసేపు నురుగు చూసి లేచిపోయాం. గోడ తుడవమని అవ్వ నాకు శిక్ష వేసింది. నేను తుడవలేదు, మొండికేశాను.

మర్నాడు పొద్దున అనసూయ నన్ను కుదిపి లేపింది. "వదినా, ఒక్కసారి రాండ్రి," అంది.

గోడంతా తెల్లగా ఉంది. పులుసు కారిన మేర మాత్రం అద్దం శుభ్రంగా, బయటి చెట్లు కనపడేలా ఉంది. కొత్త పొర కట్టలేదు. కత్తితో గీకితే తెల్లారేసరికి తిరిగొచ్చే పొర అక్కడ తిరిగి రాలేదు. సదానందం పరుగున వచ్చి, ఆ చోటు అంచును గీకి, సూక్ష్మదర్శిని కింద చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తి నా వైపు తిరిగాడు.

"సచ్చినయ్ అక్కా. పులుపుకు సచ్చినయ్. సున్నంలనే పెరిగినయ్ గద, పులుపు తట్టుకోలేకపాయె."

అవ్వ గోడ దగ్గరకొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "చింతపండుతోని గిన్నెలు తోముకునే ఇకమతు గిన్ని చదువులకు అందలేదా?" అంది. అందరం పగలబడి నవ్వాం. ఎన్నాళ్లకో నవ్వాం.

మట్టి పరీక్షల పెట్టెలో ఉన్న చిన్న సీసా ఆమ్లం ముందు వాడేశాం. కుండీలో నిమ్మచెట్టు ఉంది గానీ వరిలాగే ఆకలితో ఉంది, ఒక్క కాయ లేదు. ఇక మిగిలింది అవ్వ జాడీ. తను మారు మాట్లాడకుండా తెచ్చి నడిమింట్లో పెట్టింది. చింతపండు నానబెట్టి, పిసికి, గుడ్డలు ముంచి గోడలు తుడిచాం. ముగ్గురం నిచ్చెనలెక్కి పాకుతుంటే అవ్వ కింద పీట మీద కూర్చుని, ఆ మూల మిగిలింది, ఈ సందు మిగిలింది అని పురమాయించేది. ఇల్లంతా పులుపు వాసన. చేతులు పగిలి మండేవి. మా చర్మం పోయినా ఫరవాలేదనిపించేది, ఎందుకంటే వెనక్కి తిరిగి చూస్తే కడిగిన అద్దం కడిగినట్టే ఉండేది.

గోడలు పూర్తయ్యేసరికి జాడీ అడుగంటింది. పైకప్పు మిగిలిపోయింది.

పైకప్పును అలా వదలడానికి లేదు. చారెడు మిగిలినా మళ్లీ ఇల్లంతా పాకుతుంది. అంతలో వరి ఈనడం కూడా మొదలైంది. నలుగురం ఖాళీ జాడీ చుట్టూ కూర్చున్నాం.

"ఇంట్ల పులిసేది ఇంకేమున్నది?" అని అనసూయ అడిగింది.

అందరి కళ్లూ ఒకేచోటికి వెళ్లాయి. మూలన బియ్యం బస్తా ఉంది, చివరిది. అన్నం వండి నీళ్లు పోసి కొన్నాళ్లు వదిలేస్తే గంజి బాగా పులుస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ బస్తా పోతే పంట కోసేదాకా మాకు మిగిలేది కాస్త పప్పు, రెండు డబ్బాల అటుకులు, గట్ల మీది తోటకూర.

"మీరెవలు చెప్పరు. నేనే చెప్త," అంది అవ్వ. "ఈ బియ్యం మనం తింటే మనకే సరిపోతయి. ఆ పైన కడిగినమంటే పొలానికి సరిపోతయి. పొలం బతికితే మనం బతుకుతం. వండున్రి."

"అత్తమ్మా, మీ ఒంట్ల అసలే బలం లేదు," అంది అనసూయ.

"నాది సూస్తరు గని పొట్టకచ్చిన వరిది సూడరా? అది కూడ నిండు మనిషే గద."

వండాం. అంత ఆకలిలో అంత అన్నం వండి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోకుండా కుండల్లో పోసి నీళ్లు కలపడం ఎంత కష్టమో చెప్పలేను. సదానందం ఆ కుండల వైపు పోయేవాడే కాదు. గంజి పులిసింది. ఇల్లు కల్లు దుకాణం లాగ కంపుకొట్టింది. వాడు నిచ్చెన ఎక్కి, పైమెట్ల మీద వెల్లకిలా వాలి, చేతులు పైకెత్తి అద్దం అద్దం కడిగాడు. పులిసిన గంజి వాడి మొహం మీద, కళ్లలో కారేది. కింద అనసూయ నిచ్చెన పట్టుకుని నిలబడేది. అంత ఆకలిలోనూ ఒక్క మూల వదల్లేదు. మా తమ్ముడంటే నాకు ఎప్పుడూ ఇష్టమే గానీ అంత గౌరవం మాత్రం ఆ నిచ్చెన కింద నిలబడే కలిగింది.

పని పూర్తయిన మర్నాడు సూర్యోదయానికి ముందే మెలకువ వచ్చింది. పొర ఇంకా బతికుంటే చీకట్లో కూడా గాలిని తాగేస్తుంది, మీటరు సున్న దగ్గరే ఉంటుంది. చచ్చిపోయి ఉంటే మేం నిద్రలో విడిచిన గాలి ఇంట్లోనే ఉండాలి. సదానందం వంటగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "నువ్వు సూడు అక్కా," అన్నాడు.

చూశాను. అంకె పెరిగింది. బయట గాలిలో ఉన్నంత ఉంది, ఇంకొంచెం ఎక్కువే ఉంది.

చెబితే వాడు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొద్దెక్కాక అంకె నెమ్మదిగా దిగడం మొదలైంది. ఈసారి దాన్ని తాగుతున్నది పొర కాదు, వరి. బతుకంతా వరి మీద పనిచేశాను గానీ, అది నా ఊపిరి తీసుకుంటుందని నాకు ఒంటికి తెలిసింది ఆ రోజే. ఆ మీటరుకు దండం పెట్టాను. సిగ్గేమీ పడలేదు.

నరహరి గారు తలుపు తీద్దామా అన్నారు. సదానందమే వద్దన్నాడు. ఎక్కడైనా ఒక మచ్చ నిద్రపోతూ ఉండొచ్చు, కోత దాకా ఒక్క తెల్ల చుక్క కనపడకుండా ఉంటేనే తీయాలన్నాడు. ఈసారి నేను గిన్నె విసరలేదు. విసరడానికి గిన్నెలో ఏమీ లేదు కూడా.

ఆ ఆకలి రోజుల్లో పగలంతా పొలం గట్టు మీదే ఉండేవాళ్లం. నడిచే ఓపిక లేకపోయినా ఊపిరి విడిచే ఓపిక ఉంది కదా. అవ్వ నోటికి అడ్డే లేదు. తన పెళ్లి కథ, బావి తవ్విన కథ, మా నాయిన సంతలో తప్పిపోయిన కథ, ఒకటి అయ్యాక ఇంకొకటి. ఈ ముసల్దాని నోరు మూతపడదని మా వాడకట్టంతా విసుక్కునేది. ఆ నోటినుంచి వచ్చిన ప్రతి మాటతోపాటూ వరికి ఒక గుక్క తిండి పోయింది. విసుక్కున్నవాళ్లందరికీ ఆ సంగతి చెప్పాలని ఉంటుంది నాకు.

ఒకరోజు కథ మధ్యలో అవ్వ ఆగిపోయింది. ఒరిగిపోతుంటే అనసూయ పట్టుకుంది. నాడి చూసి, అనుమానమొచ్చి ఇంట్లోకి వెళ్లి అవ్వ దిండు కింద వెతికింది. మూటగట్టిన అటుకులు దొరికాయి. తన వంతు తినకుండా దాస్తోంది, మాకు పెట్టడానికి. అనసూయ ఏడుస్తూ తిట్టింది, తిడుతూ తినిపించింది. నేను అక్కడ ఉండలేక పొలంలోకి దిగాను. ఒక కంకి పట్టుకుని, గింజను గోటితో నొక్కాను.

తెల్లటి పాలు వచ్చాయి.

ఇంకో కంకి, ఇంకో మూల, గట్టు పక్కన, నడిమధ్యన. అన్నిట్లో పాలు. వేలికంటిన ఆ పాలను తీసుకెళ్లి అవ్వ నాలుక మీద రాశాను. అవ్వ కళ్లు మూసుకుని చప్పరించి, "అచ్చినయా?" అంది.

"అచ్చినయే అవ్వా."

"అయితే కథ యాడ ఆగిందో చెప్పు," అంది.

కోతయింది. గొప్ప పంటేం కాదు, మొదట్లో ఎండిన దుబ్బులు చాలా ఉన్నాయి. అయినా తాలు తక్కువ, గింజ గట్టిది. పచ్చడి రోట్లోనే గుప్పెడు గుప్పెడు దంచి, పొట్టు ఊది, కొత్త బియ్యం వండాం. అవ్వ కొంగు ముడి విప్పి గోలీ అంత చింతపండు తీసింది.

"నీ దగ్గర ఉండెనా?" సదానందం నోరు తెరిచాడు. "మీద అద్దాలు కడుగలేక నేను సస్తుంటే?"

"ఈ ఇంతది నీ అద్దానికేం సరిపోతుండె? పండుగకని దాసిన."

పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. ఆ గింజల్లో ఉన్నదంతా మేం విడిచిన ఊపిరే. నీరు, మట్టిలోని కాస్త ఉప్పు తీసేస్తే అవ్వ కథలు, అనసూయ తిట్లు, సదానందం నిట్టూర్పులు, నా అరుపులు. మొదటి ముద్ద కళ్లకద్దుకుంటుంటే నా కళ్లు నిండాయి. ఇన్నేళ్లుగా ఇంత పెద్ద లోకంలో అడక్కుండానే ఈ పని జరుగుతోంది. ఎవరో విడిచిన గాలి ఎవరికో అన్నమవుతోంది. ఒక్కరోజు కూడా థాంక్స్ చెప్పలేదు.

కోత దాకా ఒక్క తెల్ల చుక్క కూడా కనపడలేదు. తలుపు తెరిచిన రోజు నరహరి గారు పూలు, పళ్లు పట్టుకుని వచ్చారు. అనసూయ భుజం పట్టుకుని గడప దాకా నడిచిన అవ్వ అక్కడ ఆగి వెనక్కి చూసింది. కోసిన కొయ్యకాళ్లలోంచి పచ్చగా కొత్త పిలకలు లేస్తున్నాయి.

"మనం పోతే వీటికెవలు ఊదుతరు?" అంది.

నరహరి గారు మెల్లగా, "తలుపు మూసి ఉంచాలని నియమం అమ్మా," అన్నారు.

"నియమం మేం లోపటున్నప్పటిది. సదానందం, ఆ రోలు పట్టుకరా."

వాడు పరుగున వెళ్లి పచ్చడి రోలు మోసుకొచ్చాడు. అవ్వ చూపించినచోట, తలుపుకు అడ్డంగా పెట్టాడు. మానేరు మీంచి గాలి లోపలికి వచ్చింది. ఆ ఇంట్లో మొలిచిన వరి అప్పటిదాకా గాలికి ఊగి ఎరగదు. ఆ లేత పిలకలన్నీ ఒక్కసారిగా కదిలాయి. అవ్వ గడప మీద నిలబడి, లోకపు గాలి కడుపు నిండా పీల్చి, లోపలికి తిరిగి నెమ్మదిగా విడిచింది. అప్పుడు బయటికి అడుగు పెట్టింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. రోలు ఇంకా ఆ తలుపు దగ్గరే ఉంది. అడ్డంగా ఉందని కొత్తగా వచ్చిన ఉద్యోగులు అప్పుడప్పుడు దాన్ని తీయబోతుంటారు. నేను అక్కడే ఉంటాను, చేతిలో గిన్నె పట్టుకుని.